తంగేడు కట్టలు వేలాడిన గాలి పైపు

పొద్దున్నే గ్యారేజీలోంచి సొల్యూషన్ వాసన వచ్చింది, ప్లాస్టిక్ పైపులు అతికిస్తారే, ఆ ముక్కు మండే జిగురు. పోయి చూస్తే, ఇంట్లోనే కారు టైర్లకు గాలి పట్టుకుందామని కొత్త కంప్రెషర్ తెచ్చిన నా కొడుకు సుధాకర్, దాన్నుంచి గోడ పొడుగునా తెల్లటి ప్లాస్టిక్ పైపు బిగిస్తున్నాడు.

నా చిన్నప్పుడు వరంగల్‌లో మా బాపుకు లారీ టైర్ల కొట్టు ఉండేది. వెనక గదే మా ఇల్లు. కాలిన రబ్బరు వాసన, పంక్చర్ చూసే తొట్టిలో నల్లటి నీళ్లు, దసరాకు పసుపు పూసి బొట్లు పెట్టిన గాలి ట్యాంకు, అది నడుస్తుంటే నేల అదిరి అరికాళ్లలో చక్కిలిగిలి పుట్టి నేనూ అక్కా విరగబడి నవ్వడం, అదీ మా లోకం. ఒక ఏడు ఇనుప గొట్టం తుప్పుపట్టిందని బాపు బోరుకు వేసే ప్లాస్టిక్ పైపు తెచ్చి వేశాడు.

"ఇది ఆగుతదా?" అంది అమ్మ.

"బోరు నీళ్లనే మోస్తాంది, గాలికేం బరువుంటదే?" అని నవ్వాడు బాపు.

నీళ్ల పైపు పగిలితే నీళ్లు కారి ఊరుకుంటాయి. అణిగి కూర్చున్న గాలి ఊరుకోదని, పైపును పెంకులు చేసి విసురుతుందని మాలో ఎవరికీ తెలియదు.

ఏడాది దాకా ఏమీ కాలేదు. బతుకమ్మ వచ్చింది. ఇంట్లో నువ్వులు వేయించిన కమ్మదనం. తెచ్చిన తంగేడు, గునుగు పూలు నలగకుండా కట్టలు కట్టి ఆ పైపుకే వేలాడదీశాం.

"నా కట్ట గూడ తేవే" అన్నాను అక్కతో.

"మహారాణికి కాళ్లు లేవా?" అంటూనే పోయింది.

పిడుగు పడ్డట్టు చప్పుడు. గదంతా పచ్చటి రేకులు ఎగిరాయి. అక్క ముఖం పట్టుకుని కూలబడింది, వేళ్ల సందుల్లోంచి నెత్తురు. దవాఖానలో కుడికన్ను తీసేశారు. బాపు మళ్లీ ఇనుప గొట్టమే వేశాడు.

సుధాకర్ స్విచ్చు మీద చెయ్యి పెట్టాడు. అడ్డం నిలబడ్డాను.

"అమ్మా, ఎంత ప్రెషర్ ఆగుతదో పైపు మీద రాసే ఉన్నది గదనే."

"అది నీళ్లకు రాసిండ్రు బిడ్డా. నాకు సదువు రాదు గని, మీ పెద్దమ్మ కన్ను ఎట్ల పోయిందో ఎరుక."

వాడు బిత్తరపోయాడు. ఆ కన్ను అమ్మవారు పోసి పోయిందని వాడికి చెప్పి ఉంచాను. కట్ట కోసం అక్కను పంపింది నేనేనన్న మాట మా ఆయన బతికున్నప్పుడు ఆయనకూ చెప్పలేదు.

వాడు ప్లగ్గు పీకి, "ఇనుపదో రాగిదో ఏస్త తియ్యే" అంటూ పైపు ఊడదీయడం మొదలుపెట్టాడు. ఆ కొట్టు ఇప్పుడు లేదు, బాపు లేడు, అమ్మ లేదు. ములుగులో అక్క ఉంది. ఫోన్ కలపమని, సుధాకర్ బిగించిన పైపు సంగతి ముందు చెప్పాను.

"అక్కా, ఆ పొద్దు నిన్ను పంపింది నేనేనే."

అక్క వెంటనే అందుకుంది.

"నువ్వు పోతే నీ కన్ను పోతుండె. పిలగాడు పైపు తీసిండా లేదా, ముందుగాల గది చెప్పు."