కరెంటు రైలు రాయి

మా నాయన చెప్పేది నిజమో అబద్ధమో తేల్చుకుందామని మొన్న శనివారం ఉదయం ఆరున్నరకు మదనపల్లెలో బస్సెక్కాను. నేను పుట్టకముందు ఆయన రైలు సర్వేలో కొలత గొలుసు పట్టే కూలీ. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా కరెంటు రైలు వస్తుందని దారి కొలిచి రాళ్లు నాటారట. ఒకరోజు పైనుంచి పని ఆపమని కాగితం రాగానే డేరాలు పీకేశారట. ఈ కథ చెప్పీ చెప్పీ ఆయనకు వీధిలో ‘రైలప్ప’ అని పేరు పడింది. పోయిన వారం చుట్టాల ముందు నేనూ విసుక్కున్నాను, “చాలు నాయనా నీ కోతలు” అని. అప్పటినుంచి నాతో మాటల్లేవు.

పుంగనూరులో దోసె తింటూ అడిగితే హోటలాయన నవ్వాడు. “ఈడ బస్సులకే దిక్కు లేదు, కరెంటు రైలంట సామీ!”

నిజమే. తొమ్మిదికి రావాల్సిన కుప్పం బస్సు పదిన్నరకు వచ్చింది. నిలబడే వెళ్లాను. ఒకటిన్నరకు కుప్పం స్టేషన్లో ముసలి పోర్టరును అడిగాను.

“పుంగనూరు లైనా? ఎవురో నీ సెవిలో పువ్వు పెట్టినారప్పా.”

నాయన మీద ఒళ్లు మండింది. రెండున్నరకు తిరుగు బస్సు పట్టుకున్నాను. పెద్దపంజాణి దాటగానే టైరు పంక్చరు. స్టెప్నీ లేదట! ఈ దారిన వెళ్లేవాళ్లు ముందే అడిగి ఎక్కండి.

“ఇంకో బస్సు వస్తాండాది, రోంత ఓపిక పట్టండి” అన్నాడు కండక్టరు.

చిరాకుగా రోడ్డు దిగాను. వేరుశనగ పీకేసిన చేను నడిమధ్యన మోకాలెత్తు రాయి, తెల్లగా సున్నం కొట్టి ఉంది. ఒక పొట్టి ఆవు దానికి వీపు రుద్దుకుంటోంది. ఫోటో తీస్తుంటే, గట్టున గడ్డి కోస్తున్న ముసలామె కొడవలితోనే వచ్చింది.

“రైలోళ్లా? యాలప్పా ఇంత లేటు? నేను పెండ్లయి వచ్చినప్పుటినుంచి సూస్తాండాను. దీని సుట్టూ మడక తిప్పి దున్ని దున్ని మాకు నడుములు పొయ్యె!”

“మరి పీకెయ్యలేదేమ్మా?”

“దీన్ని నాటిన గొలుసు కూలాయప్ప మా మామకు సెప్పిపోయినాడంట, రైలొచ్చేదాకా కాపాడండి, ఏటేటా సున్నం కొట్టండి, మావోళ్లకు కనబడాల అని. మాటిచ్చినాక పీకేదెట్లా?”

నేను రైలువాణ్ణి కానని చెప్పడానికి నోరు రాలేదు. తలొంచుకుని తిట్లన్నీ తిన్నాను. ముక్కూ మొహం తెలియనివాళ్లు మా నాయన మాటను ఇన్నేళ్లు నిలబెట్టారు. కన్నకొడుకునై ఉండి నేను నమ్మలేదు. సిగ్గేసింది.

ఐదున్నరకు ఇంకో బస్సు వచ్చింది. అందులోనూ సీటు లేదు. పుంగనూరు దాటాక ఇంటికి ఫోన్ చేశాను. నాయన ఎత్తాడు కానీ పలకలేదు.

“రాయి ఉండాది నాయనా, పెద్దపంజాణి కాడ.”



“సున్నం కొట్టినారా?” అన్నాడు.