మా తమ్ముడు నేర్చుకున్న మర్యాద

మా తమ్ముడిని ఆట నుంచి వెలేసిన రోజు జనగామ బంద్. బస్టాండుకు ఎదురుగా ఉన్న మా నెట్ సెంటర్ షట్టర్ సగం దించి లోపల కూర్చున్నాం. బయట ధర్నా టెంటులోంచి జై తెలంగాణ నినాదాలు వినిపిస్తున్నాయి. లోపల వాడి తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. తోటి ఆటగాళ్లను పదేపదే దూషించినందుకు ఖాతా మూసేస్తున్నామని. వాడు కీబోర్డును గుద్దాడు. నేను వాడి వీపు మీద ఒకటి వేశాను.

అది ఐదుగురు జట్టు కట్టి తుపాకులతో ఆడే ఆట. ఎక్కడెక్కడో కూర్చున్నవాళ్లు హెడ్‌ఫోన్లలో మాట్లాడుకుంటూ ఆడతారు. ఉద్యమంలో డిగ్రీ కాలేజీ మూతపడి వాడికి అదే లోకమైంది. మొదట్లో నాకు గర్వంగానే ఉండేది. కోస్తా పిల్లలు వాడి గొంతు వినగానే సినిమాల్లో రౌడీలకు పెట్టే యాసతో ఎక్కిరించేవాళ్లు. వీడు రెట్టింపు తిట్టేవాడు. సెంటర్లో ఉన్నవాళ్లంతా ఈలలు వేసేవాళ్లు. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే కుటుంబం మాది. రెండు భాషల్లోనూ వీడి నోటికి ఎదురు లేదని మురిసిపోయాం.

ఆ నోటికి కోస్తా వాళ్లు చాలలేదు. వాడి జట్టులోనే మానుకోట అబ్బాయి ఒకడు ఉండేవాడు. మహబూబాబాద్‌ను మేం అలాగే అంటాం. మా వాడికంటే కొంచెం చిన్నవాడు, అతనికి నత్తి. శత్రువు ఎటునుంచి వస్తున్నాడో చెప్పేలోపు మాట గొంతులో ఇరుక్కునేది, జట్టు ఓడిపోయేది. మా వాడు ఆ నత్తిని అనుకరించి నవ్వించేవాడు, తర్వాత తల్లిని తిట్టేవాడు. మన యాసను ఎక్కిరిస్తే భగ్గుమన్న మనిషి, మనోడి నత్తిని ఎక్కిరించి సంబరపడ్డాడు. ఎవరో ఆ మాటలన్నీ రికార్డు చేసి కంపెనీకి పంపితే వేటు పడింది. కంపెనీకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది నాకు.

మా వాడి సెల్‌ఫోన్‌లోంచి ఆ అబ్బాయి నంబరు తీసుకుని ఫోన్ చేస్తే తల్లి ఎత్తింది. ఆమె దవాఖానలో ఆయా.

"నా కొడుకు బయట ఎవ్వలతోని మాట్లాడడు బిడ్డా. నవ్వుతరని సిగ్గు. గా ఆటలనే జర నోరు తెరుస్తుండె. ఇప్పుడు ఇంట్ల గూడ బందు వెట్టిండు. అన్నం గావాల్నా అంటే తల ఊపుతడు, గంతే" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి అన్నం వడ్డించకుండా ఆ మాటలన్నీ వాడికి వినిపించాను. వాడు ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడని ఇప్పటికీ అనుకుంటాను.

దసరా వచ్చింది. దసరా మా పండుగ కాదు గానీ జమ్మి మాది కూడా. ఊళ్లోవాళ్లు జమ్మి ఆకు తెచ్చి బంగారమని చేతిలో పెడితే, మేం తీసుకుని, ఇచ్చినవాళ్లను గుండెలకు హత్తుకుంటాం. దాన్ని అలాయ్ బలాయ్ అంటాం. ఏడాదంతా మాటల్లేని ఇద్దరు కూడా ఆ పూట కలవాల్సిందే. జమ్మి తెచ్చినవాణ్ణి పాత సంగతి అడగకూడదు. అడిగితే అడిగినవాడికే మర్యాద లేదంటారు.

అక్కనైన నన్ను ఉర్దూలో ఆపా అని పిలిచి వాడే అన్నాడు, "ఆపా, మానుకోట పోదాం. వానికి జమ్మి పెడ్త."

మర్నాడు పొద్దున ప్యాసింజర్ రైలు ఎక్కాం. ఆ వారం రైల్ రోకోలు లేవు. చిన్న రేకుల ఇల్లు, గోడకు సిలువ. అబ్బాయి తలుపు వెనక నిలబడ్డాడు. మా తమ్ముడు ఆకు అతని అరచేతిలో పెట్టి గట్టిగా హత్తుకున్నాడు. ఆ అబ్బాయి మాట కోసం చాలాసేపు పెనుగులాడి "అన్నా, కూసో" అన్నాడు. ఇంట్లో ఆ గొంతు విని నెలలైందేమో, తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మళ్ల ఆటకు రా తమ్మీ. వీడు ఒక్క మాటన్నా నాకు చెప్పు" అని అతనికి నేనే ధైర్యం చెప్పాను. మా వాడు కొత్త పేరుతో ఖాతా తెరిచాడు, ఇద్దరూ మళ్లీ ఒకే జట్టయ్యారు.

చలికాలమంతా వాడి నోట ఒక్క తిట్టు వినలేదు. "ఫికర్ జెయ్యకు తమ్మీ, మల్లొక్కపారి ఆడుదాం" అనేవాడు. అమ్మతో కూడా మెత్తగా మాట్లాడేవాడు. మనిషి మారతాడని కస్టమర్లకు కూడా చెప్పుకున్నాను, పిచ్చిదాన్ని.

ఒక మధ్యాహ్నం టీ ఇద్దామని వాడి వెనక నిలబడ్డాను. హెడ్‌ఫోన్ ఒక చెవి మీదే ఉంది, మాటలు బయటికి వినిపిస్తున్నాయి. మానుకోట అబ్బాయి మాట మధ్యలో ఆగిపోయింది, ఆట పోయింది. మా వాడు "ఏం గాదు తమ్మీ" అన్నాడు. అని, మైకు ఆపి, సెల్‌ఫోన్‌లో మెసేజ్ కొట్టాడు. జట్టులో భూపాలపల్లి నుంచి ఆడేవాళ్లు ఇద్దరున్నారు, వాళ్లకు. "షురూ జెయ్యుండ్రి." అంతే. వాళ్లిద్దరూ నత్తిని అనుకరించడం మొదలుపెట్టారు. తల్లి దాకా పోయారు. వాడు కుర్చీలో వెనక్కి వాలి, పెదవులు బిగబట్టి, కళ్లతో నవ్వుతూ విన్నాడు. తనివితీరాక మైకు తెరిచి, "ఊకోండ్రి రా, పాపం" అన్నాడు.

టీ గ్లాసు బల్ల మీద పెట్టాను. ఫోన్ లాక్కున్నాను. పైకి జరిపిన కొద్దీ అవే రెండు మాటలు, దసరా తర్వాత వారం నుంచీ.

"నేనేమన్న ఆపా? ఒక్క మాటన్నన్నా? చెప్పు" అన్నాడు. నిజమే, అనలేదు. ఏం చేస్తే వేటు పడుతుందో కంపెనీ నేర్పింది. ఎంత మెత్తగా ఉంటే జనం నమ్ముతారో మేం నేర్పాం. వాడు రెండూ శ్రద్ధగా నేర్చుకున్నాడు. నా కడుపున పుట్టకపోయినా నా చేతుల్లో పెరిగినవాడు. ఆ క్షణాన వాణ్ణి చూస్తే నాకు భయమేసింది.

కంప్యూటర్ వైరు పీకేసి, బయటికి నడవమన్నాను. వెంటనే మానుకోటకు ఫోన్ చేశాను. ఈసారి అబ్బాయే ఎత్తాడు.

"తమ్మీ, గా జట్టుల ఇగ ఆడకు. నిన్ను తిట్టుమని వాళ్లకు జెప్పేది ఎవ్వలో తెలుసా నీకు?"

ఒక్కో మాట లాగి లాగి చెప్పాడు.

"అన్నను ఏమనకు అక్కా. అన్న మంచోడు, నన్ను ఒక్క మాట గూడ అనలే. నేను నోరు తెరిస్తేనే ఆట ఖరాబైతంది. ఇగ మాట్లాడ."

వివరంగా చెప్పబోయాను. అవతల ఫోన్ తల్లి చేతికి మారింది. "మల్ల నోరు బందు వెట్టి తల ఊపుతుండు బిడ్డా" అంది.