రెండో దెబ్బ కాస్త ముందే

వియన్నాలో మా ట్రాముల వాళ్ళ ఆర్కెస్ట్రా ఉంది. అందులో ఫెర్డినాండ్ నవ్రాటిల్ పక్క కుర్చీలో నేను పందొమ్మిదేళ్ళు కూర్చున్నాను. పగలు ఆయన నలభైనాలుగో నంబరు ట్రాములో టికెట్లు కొట్టేవాడు, నేను డిపోలో బ్రేకులు బిగించేవాణ్ణి. ఇద్దరం వాయించేది వయోలా, అంటే వయొలిన్ కంటే కాస్త పెద్దది, ఎవరికీ పట్టని వాయిద్యం. పాటంతా వయొలిన్లు పట్టుకుపోతాయి. జంటలు గిరగిరా తిరిగే వాల్ట్జ్ వస్తే మరీ అన్యాయం. మూడు దెబ్బల్లో మొదటిది మాకు ఉండనే ఉండదు. రెండు, మూడు. రెండు, మూడు. నవ్రాటిల్ ముప్ఫయ్యొక్కేళ్ళుగా వాయిస్తున్నది ఇదే.

అయితే మా ఊళ్ళో ఆ రెండో దెబ్బ లెక్క ప్రకారం పడదు. వెంట్రుకవాసి ముందే వచ్చేస్తుంది. కాగితం మీద అలా రాసి ఉండదు, ఎవరూ నేర్పరు, పుట్టి పెరిగితే వచ్చేస్తుంది. నవ్రాటిల్ చేతిలో అది ఇంకొంచెం ముందు. నేల మీద కాలు ఆనకముందే ఎవరో నడుం పట్టుకుని ఎత్తినట్టు ఉండేది.

ప్రతి ఫిబ్రవరిలోనూ మా డిపో బాల్, అంటే అందరూ జంటలుగా ఆడే నాట్యాల రాత్రి, జరుగుతుంది. నవ్రాటిల్ వాయించేవాడు. ఆయన భార్య రేసీ మాంసం కొట్టు హోలుబ్‌తోనో, టికెట్ ఆఫీసు గుమాస్తాతోనో ఆడేది. ఒకసారి నాతోనూ ఆడింది. "పాపం, నీ మొగుడు చూస్తూ కూర్చున్నాడు" అన్నాను.

"చాల్లే! పట్టుకున్నది నువ్వయితే మాత్రం ఏం? తిప్పేది మా ఫెర్డలే" అంది. ఫెర్డినాండ్‌ను ఆమె అలాగే పిలిచేది. నా మొహం మాడిపోయింది.

యుద్ధం ముగిసిన పదకొండో ఏడు ఆర్కెస్ట్రాను నడిపించడానికి కొత్త కండక్టరు వచ్చాడు. హాంబర్గ్ మనిషి, పేరు బెంకే. చెడ్డవాడు కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. మా చేత ఏకంగా ఒక సింఫనీ వాయించాలని పూనుకున్నాడు. మొదటి రెండు భాగాలూ జ్వరం పట్టినట్టుంటాయి. మూడో భాగం వాల్ట్జ్. ఎ మేజర్ శ్రుతిలో. మరీ పరుగూ కాదు, నడకా కాదు. జ్వరం దిగిన మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ దుప్పటి మీద పడుతుంటే కునుకు పట్టినట్టుంటుంది. మధ్యలో ఒకచోట సంగీతం మైనర్‌లోకి, అంటే దిగులు స్వరాల్లోకి, తిరుగుతుంది, వయొలిన్లు గుసగుసగా పరుగులు తీస్తాయి. ఏదో గుర్తొచ్చి నిద్రలో ఉలిక్కిపడతాం. మళ్ళీ కళ్ళు మూతలు పడతాయి. ఆ భాగం వాయిస్తుంటే బ్రేకులూ, గ్రీజూ ఏవీ నాకు గుర్తుండేవి కావు.

"వయోలాలు!" బెంకే కర్రతో స్టాండు మీద కొట్టాడు. "రెండోది తొందరపడుతోంది. మూడు దెబ్బలూ సమానం. నవ్రాటిల్ గారూ, మీరే!"

"నేనా మాస్టారూ? నేను సరిగ్గానే వాయిస్తున్నానండీ."

పాపం, నిజంగానే ఆయనకు తెలియదు. మిగతావాళ్ళం ఎలాగోలా సర్దుకున్నాం. నేనైతే చప్పుడు తగ్గించి వాయించి తప్పించుకున్నాను, సిగ్గులేదు నాకు. నవ్రాటిల్‌కు మాత్రం కుదరలేదు. మూడో ఆదివారం బెంకే ఆయన్ని పక్కకు పిలిచి దెబ్బలు సమంగా లెక్కపెట్టే మెట్రోనోమ్ ఒకటి చేతిలో పెట్టాడు. "కచేరీలోగా సరిచేసుకోండి. లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది" అన్నాడు. ఆ కుర్చీ పోతే ఆయనకు టికెట్లు కొట్టడమే మిగులుతుంది. నాకు ఒళ్ళు మండిపోయింది, అయినా నా వయోలా పెట్టెలో సర్దుకున్నాను.

నాలుగు వారాలు వాళ్ళ వంటగది బల్ల మీద, ఒలిచిన బంగాళాదుంపల పక్కన, అది టిక్కు టిక్కుమంటూనే ఉంది.

"దాన్ని ట్రాము కింద పడెయ్ ఫెర్డల్, నా తల పగిలిపోతోంది" అనేది రేసీ.

"ఇంకొక్క వారం ఓపిక పట్టవే."

మొత్తానికి చచ్చీ చెడీ సాధించాడు. కచేరీ నాడు మధ్యాహ్నం మూడింటికి హాలు నిండిపోయింది. నవ్రాటిల్ రెండో దెబ్బ ఒక్కటి కూడా జారలేదు. చివర్లో బెంకే ఆయన్ని చూసి తల వంచాడు. ముప్ఫయ్యొక్కేళ్ళలో ఒక కండక్టరు ఆయనకు తల వంచడం అదే మొదటిసారి. నవ్రాటిల్ చెవులు ఎర్రబడ్డాయి.

కోట్లు తగిలించే గదిలో రేసీ ఎదురుచూస్తోంది.

"ఎలా ఉంది?" అన్నాడు సంబరంగా. "ఎక్కడైనా జారానా?"

"లేదు. ఎక్కడా లేదు."

"మరి అలా ఉన్నావేం?"

ఆమె ఆయన మఫ్లరు సర్దింది. "బాగానే వాయించావు ఫెర్డల్. కానీ నన్ను గోడవారన కూర్చోబెట్టేసినట్టు అనిపించింది. ఒక్కరూ వచ్చి ఆడదామని చెయ్యి పట్టుకోలేదు."

నేను అవతలికి తిరిగి నా కోటు గుండీలు పెట్టుకోసాగాను. ఎన్నిసార్లు పెట్టుకున్నానో నాకే తెలియదు.

తరవాతి రిహార్సల్‌కు నవ్రాటిల్ వయోలా లేకుండా వచ్చాడు. మెట్రోనోమ్ తిరిగి ఇచ్చేశాడు.

"మీరన్నదే కరెక్టు మాస్టారూ. కాగితం మీద అలా లేదు."

"మొన్న అద్భుతంగా వాయించారుగా!"

"వాయించానండీ. ఇంక వాయించను."

ఆయన వెనకే మెట్ల దాకా పరిగెత్తాను. "బుద్ధుందా నీకు? ముప్ఫయ్యొక్కేళ్ళయ్యా!" అని నలుగురూ వినేలా అరిచాను. ఆయన నా భుజం తట్టి ట్రామెక్కి వెళ్ళిపోయాడు. వారం రోజులు నాకు అన్నం సయించలేదు.

ఫిబ్రవరిలో బాల్ వచ్చింది. బాల్‌కు బెంకే రాడు, మొదటి వయొలిన్ వాయించే మనిషి కనుసైగే మాకు ఆజ్ఞ. రెండో దెబ్బ మళ్ళీ వెంట్రుకవాసి ముందే పడుతోంది. నా పక్క కుర్చీలో ఒక కొత్త అమ్మాయి కూర్చుంది. రెండో వాల్ట్జ్ మొదలవగానే జనంలో ఏదో గొడవ వినిపించింది. తల ఎత్తి చూశాను. నవ్రాటిల్! రేసీని పట్టుకుని తిరుగుతున్నాడు. అది ఆటా? హోలుబ్ కాలు తొక్కాడు, గుమాస్తా పెళ్ళాన్ని గుద్దాడు, ఎటు తిరగాలో తెలియక గిరగిరా తప్పుదారిన తిరిగాడు. రేసీ ఆయన మెడ పట్టుకుని పగలబడి నవ్వుతోంది.

తిరిగి తిరిగి ఇద్దరూ మా వేదిక ముందుకు వచ్చారు. పందొమ్మిదేళ్ళూ పక్క పక్కనే కూర్చుని వాయిస్తూ ఆయన ఎడమ చెంపా, చెవీ తప్ప నేనేమీ చూడలేదు. నా చెయ్యి వయోలా మీద ఉండగా ఆయన మొహం ఎదురుగా చూడటం నాకు అదే మొదటిసారి.