కనిపించకుండా పనిచేసే డ్రైవరు

ఆఫీసులో ఆయన్ని సర్వంగారు అనేవారు. అసలు పేరు అది కాదు. "సర్వం ఒక్కదానితోనే నడిపిస్తా" అని రోజుకోసారైనా అనకపోతే ఆయనకి టీ దిగేది కాదు. అలా ఆ పేరు స్థిరపడింది.

కంప్యూటర్లో బొమ్మని తెర మీదికి పంపే కార్డు ఒకటుంటుంది. ఒక్కో కంపెనీ కార్డుది ఒక్కో భాష. దానికీ కంప్యూటర్‌కీ మధ్య దుబాసీలా నిలబడే ప్రోగ్రామే డ్రైవరు. ఒక్కో కార్డుకి ఒక్కో డ్రైవరు రాసుకుంటూ బతికేవాళ్లంటే సర్వంగారికి మహా చులకన. "బొంతలు కుట్టే బాపతు" అనేవాడు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కోసం తను రాస్తున్నది మాత్రం ఒకే ఒక్క డ్రైవరు. కార్డు ఏదైనా, తెర ఏదైనా, "నువ్వెవరు? నీకేం వచ్చు?" అని దాన్నే అడుగుతుంది. అది చెప్పినదాన్నిబట్టి నడిపిస్తుంది.

అడిగినా నోరు విప్పని పాత తెరలుంటాయి. వాటికోసం పెద్ద పెద్ద గళ్లతో, గుప్పెడు రంగులతో మొరటు బొమ్మ చూపించే పద్ధతి ఒకటుంది. ఎంత ముసలి తెరైనా దానికి తల ఊపుతుంది.

"అది కూడా పెట్టండి, ఎందుకైనా మంచిది" అంది ఆ బొంతలు కుట్టే పక్క జట్టుని నడిపే ఆవిడ.

"ఆ ముష్టి బొమ్మా? అది పెట్టాక ఇంక నా కోడ్‌కి పరువేముంటుంది?" అన్నాడు సర్వంగారు, ముక్కు చిట్లించి.

ఇంట్లోనూ అదే వరస. ఆయన ఉండేది అక్కాబావల జిరాక్స్ షాపు మీది గదిలో. షాపులో ఒక కంప్యూటరుంది. తెర మూలలు పసుపెక్కాయి. ఆన్ చేస్తే కాసేపు గురక పెట్టి, బుద్ధి పుట్టినప్పుడు వెలిగేది.

"బామ్మర్దీ, నీ డ్రైవరేదో దీని మీద ఓసారి వేసి చూడరాదూ?" అనేవాడు బావ.

"దీన్ని కంప్యూటరంటే మిగతా కంప్యూటర్లు ఏడుస్తాయి బావా. తూకానికి అమ్మెయ్."

చివరికి కంపెనీ పెద్ద మేడమ్ తేల్చి చెప్పింది. "బుధవారం మీటింగ్ హాల్లో అందరి ముందూ మీ డ్రైవరుతో బొమ్మ వెలిగించండి. వెలిగితే కొత్త సిస్టమ్ విడుదలలో మీది పెడతాం. లేకపోతే పక్క జట్టు డ్రైవర్లే."

బుధవారం సర్వంగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. హాల్లో ఎప్పటిదో ప్రొజెక్టరు. దాని వంక జాలిగా చూసి, వైరు తగిలించి, మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది. గోడ మీద మాత్రం ఏమీ పడలేదు.

"వస్తుంది" అన్నాడు.

రాలేదు.

"లోపల అంతా నడుస్తోంది మేడమ్. కనిపించడం లేదంతే."

"కనిపించకుండా పనిచేసే డిస్‌ప్లే డ్రైవరా?"

హాలంతా దగ్గు వచ్చినట్టు నవ్వింది. సర్వంగారి చెవులు ఎర్రబడ్డాయి.

"అలా తీసెయ్యకండి. తప్పేదైనా జరిగితే నాది పూసగుచ్చినట్టు చెబుతుంది. ఏ కార్డు, ఏ తెర, ఎక్కడ లోపం, అన్నీ."

"ఎక్కడ చెబుతుంది?"

"తెర మీ..."

అక్కడ ఆగిపోయింది మాట. ప్రొజెక్టరు తనెవరో చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి ఆయన డ్రైవరు ఎర్రటి అక్షరాల్లో, ఎంతో మర్యాదగా, ఆ చీకట్లోనే రాసి పెట్టి ఉంటుంది. చదివే నాథుడు లేడు.

పక్క జట్టు ఆవిడ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆయనకి.

"విడుదలలో వాళ్లవే" అంది మేడమ్. "మీరు ఆ మొరటు బొమ్మ పెట్టి తీసుకురండి. ఏదీ పనిచెయ్యనప్పుడు మీది వాడదాం."

సర్వం నడిపిస్తానన్న మనిషికి మిగిలింది ఏదీ నడవని ఆ ఒక్క మూల.

మొండి తెర ఎక్కడ దొరుకుతుంది, పరీక్షించడానికి? ఆదివారం పొద్దున్నే షాపులోకి దిగి, ఆ ముసలి కంప్యూటర్లో తన డ్రైవరు వేసి, దాని ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అది గురక పెట్టింది, మినుకుమంది, చివరికి ఇటుకలంత గళ్లతో ఒక నీలం బొమ్మ చూపించింది.

అక్క తొంగి చూసింది. "ఇదేంట్రా, ఇంత వికారంగా ఉంది? ఇన్నాళ్లూ రాసింది ఇదేనా?"

"ఏదీ పనిచెయ్యనప్పుడు వచ్చేదక్కా ఇది."

"అయితే నీ బొమ్మ కనబడగానే జనం నెత్తిన చేతులు పెట్టుకుంటారన్నమాట!"

సర్వంగారు ఇస్త్రీ చొక్కా అంచుతో తెర మూల తుడిచాడు. పసుపు పోలేదు.

"బావా, దీన్ని అమ్మెయ్యకు."

"మరి మిగతా కంప్యూటర్లు ఏడవ్వూ?"

"ఏడిస్తే ఏడవనీ" అన్నాడు సర్వంగారు, ఇంకో మూల తుడుస్తూ.