గంగాధరం చెప్పులు, తిరుమలయ్య నడక

సత్యవేడు గంగాధరం ఇరవై ఆరేళ్లు నాయకుడు తిరుమలయ్యకు జీపు తోలాడు. తడ ఊళ్లో లారీలు కడుగుతూ తనంతట తానే బండి నేర్చుకున్నవాడు. మెకానిక్కును పిలిచే అలవాటు లేదు. ఇంజను చప్పుడు విని ఏ నట్టు వదులైందో చెప్పేవాడు.

నాయకుణ్ణి ఊళ్లకు తీసుకుపోవడంలో అతనికొక పద్ధతి ఉండేది. ఊరు ఇంకా ఫర్లాంగు ఉందనగా ఇంజను ఆపేసి, పల్లంలో బండిని చడీచప్పుడు లేకుండా దొర్లించి మలుపు దగ్గర నిలిపేవాడు. తిరుమలయ్య దిగి, తువ్వాలుతో లేని చెమట తుడుచుకుని, మిగిలిన వంద అడుగులూ నడిచేవాడు. ఊరు చూసింది ఆ వంద అడుగులే.

తిరుమలయ్య చనిపోయిన ఏడాదికి తిరుపతి నుంచి ఒక రచయిత వచ్చి నాలుగు వందల పేజీల జీవితచరిత్ర రాశాడు. అందులో నాయకుడు ఊరూరూ కాలినడకనే తిరిగాడు. జీపు ఒక్క పేజీలోనూ లేదు. తోలినవాడు అసలే లేడు. ఆ పుస్తకాన్ని బళ్లలో పంచారు, సభల్లో చదివారు. రెండేళ్లు తిరిగేసరికి, ఒకప్పుడు మలుపు దాకా ఎదురొచ్చి జీపు దగ్గరే దండలు వేసిన కొందరు ముసలివాళ్లు కూడా ఆయన కార్వేటినగరం దాకా నడవడం కళ్లారా చూశామని చెప్పసాగారు.

తిరుమలయ్య కొడుకు అమర్‌నాథ్ స్మారక భవనం కట్టించాడు. షెడ్డులోని జీపును పాత ఇనుముకు వేస్తున్నాడని తెలిసి, మామిడికాయల వ్యాను తోలుకుంటున్న గంగాధరం పరుగున వచ్చాడు. దాన్ని భవనంలో పెట్టమని బతిమాలాడు.

"నాయన నడిచినాడని పుస్తకంలో ఉండాది. పక్కనే జీపు పెడితే జనం నగుతారప్పా," అన్నాడు అమర్‌నాథ్.

అతనికి అప్పటికే ఇంకో చిక్కు ఉంది. గాజుపెట్టెలో పెడదామని తీసిన తండ్రి చెప్పులు నిన్న అంగట్లో కొన్నట్టున్నాయి. అడుగు అరగనే లేదు. చూస్తూ చూస్తూ అతని చూపు గంగాధరం కాళ్ల మీద పడింది.

"అవి ఈడ ఇడిసిపెట్టు. నీకేం కావాల్నో అడుగు."

"ఆ జీపు నాకిచ్చేయండి సామీ."

"తీస్కపో. నాయన పేరుండే బోర్డు మాత్రం పీకేసి పో."

గంగాధరం ఉత్తకాళ్లతో జీపు తోలుకుని ఇంటికి పోయాడు.

ఇప్పుడు ఆ చెప్పుల ముందు జనం చేతులు జోడిస్తున్నారు. కుడి మడమే ఎందుకంత అరిగిందని ఎవరో అడిగితే, రచయిత రెండో ముద్రణలో ఒక పేజీ చేర్చాడు: నాయకుడు మట్టి మీద మమకారంతో ప్రతి ఊళ్లోనూ ముందు కుడికాలు గట్టిగా ఆనించేవాడట. యాక్సిలరేటరు తొక్కేవాడి మడమ ఎక్కడ అరుగుతుందో ఏ డ్రైవరును అడిగినా చెప్పేవాడు.

బోర్డు పీకిన చోట జీపుకు నాలుగు బోల్టు రంధ్రాలు మిగిలాయి. గంగాధరం వాటిని పుట్టీతో పూడ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, మూడు పూతలు రంగు వేశాడు. వేలితో తడిమినా అతుకు తెలియదు. రచయిత పని అంత నున్నగా రాలేదు.