పచ్చి బండలకు అవతల

నా చిన్నప్పుడు నాచారంలో మాది రెండు గదుల ఇల్లు. ప్రత్యేక రాష్ట్రం రాకముందు సంగతి. నాన్న అక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. సిమెంటు నేల గుంటలు పడి, ఊడ్చినకొద్దీ దుమ్ము లేస్తోందని ఇల్లంతా తాండూరు బండలు పరిపించాలనుకున్నారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

పనికి ఒక మేస్త్రి, ఆయన భార్య కలిసి వచ్చారు. ఆమె సిమెంటు, ఇసుకతో మాలు కలిపి అందిస్తే, ఆయన దారం కట్టి, మట్టం చూసుకుని, కొయ్య సుత్తెతో ఒక్కో బండనూ తట్టి కూర్చోబెట్టేవాడు. లోపలి గది ముందే పూర్తయి ఆరిపోయింది. ముందు గది ఆదివారం మొదలుపెట్టారు. అమ్మ నన్ను పక్కింట్లో కూర్చోమని చెప్పి కూరగాయలకు ఉప్పల్ వెళ్లింది. నేనేమో ఎవరూ చూడకుండా లోపలి గదిలో దూరి, మంచం మీద పేర్చిన పరుపులెక్కి నిద్రపోయాను.

లేచేసరికి ముందు గదంతా పరిచేశారు. మేస్త్రి లోపలి గుమ్మం దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ వీధి గుమ్మం దాకా వెళ్లిపోయాడు. నా గదికి వేరే తలుపు లేదు. కిటికీకి ఇనుప చువ్వలు. "నాయినా!" అని అరిచాను. వీధి గుమ్మంలో నాన్న, కొత్త నేల చూద్దామని వచ్చిన ఆయన స్నేహితులు ముగ్గురు ఉన్నారు.

"అడుగు పెట్టకు! బండలు కుంగుతయ్. రేపు పొద్దటిదాక ఆడనే ఉండు. మీ అమ్మ కిటికీలకెళ్లి బువ్వ ఇస్తది," అన్నాడు నాన్న.

"మంచి జైలే దొరికింది పిల్లకు," అన్నాడు ఒకాయన. అందరూ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. లేచినప్పటి నుంచీ ఒంటేలుకు వస్తోంది. అంతమంది మగవాళ్ల ముందు ఆ మాట ఎలా చెప్పను? గదిలో ఒక మూల దేవుడి పటాలు, ఇంకో మూల బియ్యం బస్తా. కిటికీ అవతల సందులో మనుషులు. కాళ్లు దగ్గరగా పెట్టుకుని చువ్వలు పట్టుకున్నాను. రేపు పొద్దున అన్నది నాకు అందనంత దూరంలో ఉంది.

సందులో తట్ట కడుగుతున్న మేస్త్రి భార్య తలెత్తింది. నా మొహం చూసింది, కాళ్లు చూసింది. ఏమీ అడగలేదు. తట్ట అక్కడే వదిలేసి వీధి గుమ్మం వైపు నడిచింది. నేనూ లోపలి గుమ్మం దగ్గరికి వచ్చాను.

"ఏమయ్యా, ఆ గోడపొంటి వరుస మట్టం తప్పింది. నీళ్లు గోడకే పోతయ్. పీకు," అంది భర్తతో.

"నా చేతుల మట్టం తప్పుడేంది?" అన్నాడు ఆయన కోపంగా.

ఆమె లోపలి గుమ్మం వైపు చూసింది. ఆయన ఆమెను చూశాడు, అటుపైన నన్ను చూశాడు. సుత్తె కింద పెట్టి, "అవు, నాదే గల్తీ," అన్నాడు.

"గిదేం పని మేస్త్రి? పొద్దంత ఏం జేసినవ్?" అని నాన్న అందరి ముందూ కేకలేశాడు. ఆయన గోడవెంట బండలు ఒక్కొక్కటే లేపి పక్కన పెట్టాడు.

"ఎట్లాగు తీసినం గద, ఉరికి రా బిడ్డా," అందామె. పచ్చి మాలు తొక్కుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా బయటి మరుగుదొడ్డికి పరిగెత్తాను.

తిరిగొచ్చేసరికి ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని అవే బండలు మళ్లీ పరుస్తున్నారు. నాన్నవాళ్లు టీకి వెళ్లారు. "నిజంగా మట్టం తప్పిందా అక్కా?" అని అడిగాను.

"ఆయన మట్టం ఎన్నడు తప్పలే బిడ్డా. గంతమంది ముంగట ఆడపిల్ల ఏమని చెప్తది?" అంది మెల్లగా. మేస్త్రి వినీ విననట్టు సుత్తెతో తడుతూనే ఉన్నాడు.

రెండేళ్లకు వంటగది కట్టినప్పుడు నాన్న వేరే మేస్త్రిని పిలిచాడు. పాతాయనకు పని రాదన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు నా అవస్థ కూడా చెప్పాలి. సిగ్గుతో నోరు పెగల్లేదు. ఆ తప్పు నాదేనని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు బోడుప్పల్‌లో ఒక బడిలో పాఠాలు చెప్తున్నాను. పరీక్ష రాస్తూ ఏ పిల్లయినా బిగుసుకుపోయి కూర్చుంటే, ఏమైందని అందరి ముందూ అడగను. "నా కళ్లజోడు స్టాఫ్ రూంలో మర్చిపోయిన, జర తెచ్చిపెడ్తవా తల్లీ?" అంటాను. కళ్లజోడు నా సంచిలోనే ఉంటుంది. టీచరుకు మతిమరుపు ఎక్కువని పిల్లలు చెప్పుకుంటారట. చెప్పుకోనివ్వండి.