రేడియం అంకెలు

“...మెత్తగ పిసికి పెడితే పసిపిల్లగాన్నా అంటవు, పిసకకుంటే ముట్టవు. నన్నేం జెయ్యమంటవయ్యా?”

“నమలొస్తలేదని నీకెవలు జెప్పిన్రు? ఎడమ దిక్కు నములుతున్న గద.”

“ఎడమ దిక్కు ఉన్నయే రెండు పండ్లు. అవి గూడ అలిగిన వియ్యంకుల్లెక్క ఎడమొహం పెడమొహం.”

ఉప్పలయ్య నవ్వబోయి దవడ పట్టుకున్నాడు. తిరుపతమ్మ పళ్ళెం తీసుకుని అన్నం పిసకడం మొదలుపెట్టింది.

శబరి ఏటి ఒడ్డున కొంటా బస్టాండు పక్క సందులో ఉప్పలయ్యది గడియారాల కొట్టు. అతనికి అరవై ఆరేళ్ళు. తెలుగు, హిందీ, గోండీ, దోర్లీ నాలుగూ మాట్లాడతాడు. బేరగాళ్ళతో కబుర్లు చెబుతూనే పని చేస్తాడు, నోరు ఆగితే చేతులూ ఆగుతాయి. భద్రాచలంలో పన్ను పీకించుకుని ఐదు నెలలైనా పుండు మానలేదు. ఒకరోజు ఉమ్మితే చిన్న ఎముక ముక్క పడింది. ఆ వారమే కొడుకు నాగరాజు తల్లినీ తండ్రినీ హైదరాబాదు తీసుకెళ్ళాడు.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. ఏం పని చేశావు తాతా అని మొదటినుంచీ అడిగింది. ఉప్పలయ్య చెప్పాడు.

పదహారేళ్ళప్పుడు గడియారాలు బాగుచేసే చక్రధరరావు దగ్గర పనికి చేరాడు. విశాఖపట్నం పాతసామాను వేలంలో ఆయన ఒక బస్తా మిలిటరీ గడియారాల పలకలు కొన్నాడు. వాటి అంకెల మీది రేడియం పూతను బ్లేడుతో గీకి, మద్రాసు నుంచి తెప్పించిన పొడి, వార్నిష్ కలిపి, కొత్తగా అంకెలు దిద్దేవారు. కరెంటు లేని ఊళ్ళలో ఆ గడియారాలకు గిరాకీ. ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారుజామునే బయల్దేరే మరైగూడ వాళ్ళు గొడ్డలి పిడికీ ఒక చుక్క పెట్టమనేవారు, చీకట్లో చేతికి దొరకడానికి. కేసా అనే ఆయన ఏటా వచ్చి చుక్క తిరగ వేయించుకునేవాడు. పదిహేనేళ్ళు చేశారు ఆ పని. మెరుపు తగ్గిన పొడిని చచ్చిందని పారబోసేవారు.

“అంత సన్నగా ఎలా గీసేవారు తాతా?” అంది డాక్టరమ్మ.

ఉప్పలయ్య లేని కుంచెను పెదవుల మధ్య పెట్టుకుని, తిప్పి, మొన లాగి చూపించాడు. పని నేర్చిన మొదటిరోజు చక్రధరరావు చూపించింది అదే.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

మర్నాడు పరీక్షల కాగితాలతో వచ్చి, ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. రేడియం ఒక లోహం. వెండిలా తెల్లగా ఉంటుంది, గాలి తగిలితే నల్లబడుతుంది. నూట పాతికేళ్ళ కిందట పారిస్‌లో ఒక ఆవిడ, ఆమె భర్త దాన్ని కనిపెట్టారు. టన్నుల కొద్దీ నల్లరాతి పిప్పిని కారే కప్పు కింద నాలుగేళ్ళు మరిగించి, కలియబెట్టి, వడకట్టి తీస్తే చివరికి మిగిలిన ఉప్పు నాలుగైదు బియ్యపు గింజల బరువు. చీకటి పడ్డాక ఆ షెడ్డులోకి వెళ్ళి, గాజు గొట్టాల్లో దాని వెలుగు చూసి మురిసిపోయేవారట.

“ఆమె గూడ కుంచె నోట్ల పెట్టిందా?” ఉప్పలయ్య అడిగాడు.

“లేదు తాతా. చేతుల్తో పట్టుకుంది, జేబులో పెట్టుకుని తిరిగింది. ఆమెనూ మిగల్చలేదది.”

“మాది ఎప్పుడో చచ్చిపాయె గద. మెరుపే పాయె.”

“చచ్చింది మెరిసే పొడి. లోహం చావలేదు. మన ఒళ్ళు దాన్ని సున్నం అనుకుంటుంది, తీసుకెళ్ళి ఎముకల్లో దాచుకుంటుంది. అది సగానికి తరగడానికి పదహారు వందల ఏళ్ళు పడుతుంది.”

“అన్నేండ్లు నడిచే గడియారం నా చేతికి రాలేదమ్మా,” అన్నాడు ఉప్పలయ్య.

దవడ ఎముకకు క్యాన్సర్ పట్టింది, కింది దవడ తీసెయ్యాలి. తీస్తే ఏడాది, తియ్యకపోతే నాలుగు నెలలు. తీశాక మాట ఉండదు, గొట్టంతో తిండి. తుంటిలోనూ మచ్చ కనిపిస్తోంది కాబట్టి ఆ ఏడాదికీ ఖాయం చెప్పలేనంది.

“తియ్యుండ్రమ్మా,” అంది తిరుపతమ్మ. “మాటలు ఇన్నేండ్లు ఇన్నం. మనిషి ఉంటే చాలు.”

“దవడతోని అది మొత్తం పోతదా?” అన్నాడు ఉప్పలయ్య.

“పోదు. అన్ని ఎముకల్లోనూ ఉంది.”

“కాలిస్తే?”

“థూ, ఏం మాటలయ్యా అవి?” తిరుపతమ్మ అతని మోచేతి మీద కొట్టింది.

డాక్టరమ్మ కాగితాలు పక్కన పెట్టింది. “లోహం కదా, కాలదు. బూడిదలో ఉంటుంది. కానీ అణువంత తాతా. ఎవరికీ ఏమీ కాదు.”

“నేను నోట్ల పెట్టుకున్నది గూడ అణువంతనే.”

కొంటాలో వీళ్ళ కులంలో పోయినవాళ్ళని కాల్చి, మూడోనాడు బూడిద శబరిలో కలుపుతారు. చక్రధరరావు అరవై నిండకుండానే కాళ్ళ ఎముకలు విరిగి మంచానపడి పోయాడు. కొడుకులు లేరు. ఆయన బూడిద కుండ తీసుకెళ్ళి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి వంచింది ఉప్పలయ్యే.

తిరుగు ప్రయాణంలో అతను బస్సు కిటికీలోంచి శబరినే చూస్తూ కూర్చున్నాడు. దవడ నొప్పేమోనని తిరుపతమ్మ కదిలించలేదు. కొంటాలో దిగి నడుస్తుంటే శబరి రేవు నుంచి ఆడవాళ్ళు నీళ్ళ బిందెలతో ఎదురొచ్చారు. ఉప్పలయ్య పక్కకు తప్పుకుని వాళ్ళందరూ దాటేదాకా నిలబడ్డాడు.

సోమవారం చేరాలని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఆదివారం పొద్దున నాగరాజు సంచి సర్దాడు. తిరుపతమ్మ రెండు లుంగీలు, దుప్పటి మడత పెట్టింది. ఉప్పలయ్య స్నానం చేసి వచ్చి గడపలో కూర్చున్నాడు.

“లే నాయినా, బస్సుకు టైమైతంది,” అన్నాడు నాగరాజు.

“నేను రాను. కోతలు వద్దు,” అన్నాడు ఉప్పలయ్య. “నే పోయినంక నన్ను కాల్చకుండ్రి. ఏటికి దూరంగున్న మన ఎత్తుచేనుల లోతుగ బొంద తీసి పూడ్చుండ్రి. శబరిల ఏం కలపొద్దు.”